ఆఖరి పేజీలు లేని నవల

మొన్న అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పుస్తకాల గురించిన పాడ్‌కాస్ట్ ఒకటి వింటున్నాను. ఓ అమ్మాయీ అబ్బాయీ ఒక నవల గురించి తెగ వాదించుకుంటున్నారు, అందులో నాయిక భర్త దగ్గరికి తిరిగి వెళ్ళాలా వద్దా అని. "అక్కర్లేదు" అని పైకే అనేశాను. పక్క సీటు అమ్మాయి తలెత్తి చూసింది. నవ్వేసి కిటికీ వైపు తిరిగాను గాని, పంజాగుట్టలో దిగాలన్న సంగతి కూడా మరిచిపోయి కొత్తకోడలి రోజుల్లోకి వెళ్ళిపోయాను.

కృష్ణా జిల్లా నుంచి పెళ్ళయి అమీర్‌పేట వచ్చిన కొత్తల్లో, మా కింది వాటాలో ఒక అక్క మరికొందరు ఆడవాళ్ళను పెట్టుకుని బట్టలు కుట్టేది. వాళ్ళది సిరిసిల్ల వైపు నేత కుటుంబం. జాకెట్టు కుట్టించుకుందామని వెళ్ళిన నా చేతిలో అద్దె నవల చూసి, జర మాకూ చదివి వినిపించమని అడిగింది. ఆనాటి నుంచి మధ్యాహ్నం అన్నాలయ్యాక, కుట్టుమిషన్ల చప్పుడును మించి గొంతు పెంచి నేను చదవడం, కష్టాల ఘట్టం రాగానే మిషన్లన్నీ ఆగిపోవడం, అక్కడ పనిచేసే ఆడవాళ్ళంతా కలిసి కథలోని మగవాణ్ణి తిట్టడం! ఊరుగాని ఊళ్ళో నాకు దొరికిన మొదటి స్నేహాలవి. మా అత్తగారికి నవలలంటే గిట్టదు. అయినా సరిగ్గా ఆ వేళకే ఆవిడకి మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసే పని పడుతుండేది.

ఒక నవలకు ఆఖరి పేజీలు ఎవరో చించేశారు. భర్త వదిలేస్తే ఉద్యోగం చేసుకుంటూ నిలదొక్కుకున్న నాయిక ముందుకు, ఆ భర్తే తిరిగొచ్చిన చోట కథ ఆగిపోయింది. క్షమించాలని కొందరు, వద్దని కొందరు, పని ఆపి మరీ వాదులాట. అప్పుడు మెట్ల మీద నుంచి మా అత్తగారి గొంతు వినిపించింది.

"వెనక్కెందుకు వెళ్ళడం? ఉద్యోగం ఉందిగా, హాయిగా ఉండనివ్వండి దాన్ని."

అందరం తెల్లబోయాం. ముందుగా తేరుకున్నది ఆ అక్కే. "అమ్మ మస్తు చెప్పింది. గట్లనే ఉండనీయి."

పంజాగుట్టలో ఒక ఆఫీసు నుంచి టైపిస్టు ఉద్యోగానికి కబురొచ్చి, ఇంట్లో అడగలేక అప్పటికి కొన్నాళ్ళుగా నాలో నేనే నలిగిపోతున్నాను. ఆ సాయంత్రమే ధైర్యం చేసి అత్తగారికి చెప్పేశాను.

"ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకున్నావేంటి? వీధి చివరిదాకా వినబడేలా చదువుతావుగా" అన్నారావిడ. మర్నాడే మావారిని తోడిచ్చి పంపారు. ఆ ఆఫీసులోనే రిటైరయ్యాను.

తర్వాతెప్పుడో ఆ నవల పూర్తి ప్రతి దొరికింది. రచయిత నాయికను భర్త దగ్గరికే పంపేశాడు. అత్తగారు ఆయన మీద బాగా అలిగారు. అక్క మాత్రం మనం అనుకున్నదే అసలు ముగింపని తేల్చేసి, కొత్త నవల మొదలుపెట్టించింది.

అత్తగారు ఇప్పుడు లేరు. అక్క ఎటు వెళ్ళిందో తెలియదు. ఇప్పుడు ఏ పుస్తకం గురించైనా పాడ్‌కాస్టుల్లో ఎవరో ఒకరు ఎంతో చక్కగా మాట్లాడుతున్నారు, నేనూ ఆశగా వింటున్నాను. నేను ఆపితే వాళ్ళు ఆగుతారు. నేనేమంటానో వినడానికి మాత్రం ఆగరు.