అతుకు లేని ఆవు

పోయిన వారం ఇచ్ఛాపురం నుంచి ఒకాయన మా షాపుకి వచ్చాడు. హైవే పక్కన హోటలు పెడుతున్నాడట. ముందున్న ఖాళీ స్థలంలో ఇనుప రేకుతో చేసిన ఆవును నిలబెట్టాలని ఆయన ముచ్చట. ఫోను తీసి బొమ్మ చూపించాడు. "నెట్‌లో ఊరకే దొరికిందండి. గాడుల్లోకి ముక్కలు దిగిపోతాయట, వెల్డింగే అక్కర్లేదట" అన్నాడు. ఆ ఆవు ఎడమ చెవి కుడి చెవి కన్నా చిన్నగా ఉంది. ఎందుకలా ఉందో నాకు తెలుసు. ఆ చెవి దగ్గరకొచ్చేసరికి మా బావకు ప్లైవుడ్ ముక్క చాల్లేదు. నేనెప్పుడో ఒక తోటి షాపువాడికి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చిన బొమ్మ, ఎన్ని చేతులు మారిందో, ఆ పొట్టి చెవితోనే మళ్ళీ నా దగ్గరికొచ్చింది. రెండ్రోజుల్లో చెబుతానని ఆయన్ని పంపేసి, మెషిను ఆపేసి కూర్చున్నాను.

బావంటే మా అక్క భర్త. కవిటి దగ్గర ఊళ్ళో వడ్రంగి. తలుపులు, కిటికీలు, మంచాలు ఆయన జీవనాధారం. మిగిలిపోయిన ప్లైవుడ్ ముక్కలతో చేసే బొమ్మలు ఆయన పిచ్చి. ఆవు, ఏనుగు, కోడిపెట్ట, చేపల వేటకెళ్ళే పడవ, ఏదైనా సరే పాత క్యాలెండరు వెనక పెన్సిలుతో గీసి, ముక్కలుగా కోసి, గాడులు పెట్టేవాడు. మేకు ఉండదు, బంక ఉండదు. ఒక ముక్క గాడిలో ఇంకో ముక్క గాడి దిగితే బొమ్మ నిలబడుతుంది. విప్పితే అరచేతిలో పట్టే చెక్కలు. వీధిలో పిల్లలు వాటిని విప్పడం, కలపడం, చివరికి ఒక కాలు పారేసుకుని ఏడవడం, ఆయన తిట్టుకుంటూ కొత్త కాలు కోసివ్వడం, ఇదంతా అక్కడ రోజూ జరిగేదే. "మేకు కొట్టి నిలబెట్టడానికి వడ్రంగోడెందుకురా, సుత్తి సాలదేటి?" అనేవాడు. ఒకసారి ఏనుగు తొండం ఊడిపోతోందని మా అక్క మైదా పిండి ఉడికించి అంటించింది. ఆ పూట ఆయన అరుగు మీద కూర్చుని, ఆమె వైపు చూడకుండా అన్నం తిన్నాడు. అన్నం మాత్రం మానలేదు. మా అక్క చేపల పులుసు అలాంటిది.

తర్వాత ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఈ మాట విని ఎవరూ ఉలిక్కిపడరు. "రక్తపరీక్షలో ఎన్ని పాయింట్లు ఉందట?" అని అడుగుతారు, అంతే. ఇళ్ళ వరసకొకరైనా ఉంటారు. బావ ఉలి పక్కన పెట్టేశాడు. వారానికి మూడుసార్లు డయాలసిస్ కోసం పలాస రావడం మొదలైంది. అది అయ్యాక బస్సు వేళ దాకా మా షాపులో కూర్చునేవాడు. మాది పలాసను ఆనుకున్న కాశీబుగ్గలో గేట్లు, గ్రిల్లులు చేసే షాపు. కంప్యూటరులో బొమ్మ ఇస్తే నీలి మంటతో రేకును కోసే ప్లాస్మా మెషిను అప్పటికే కొన్నాను. ఈ పక్క జీడిపప్పు వ్యాపారం చేసి ఇల్లు కట్టిన ప్రతివాడికీ గేటు మీద నెమలి కావాలి. వరసగా నిలబెట్టిన గేట్లు చూసి బావ, "ఇదేటిరా, పలాసలో ఇంకే పిట్టా ఎగరదా?" అన్నాడు.

అలాంటప్పుడు టెక్కలిలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు, గేటు లోపల పెట్టడానికి మనిషెత్తు బొమ్మ ఏదైనా చేస్తారా అని అడిగారు. బావ చేసిన ఆవును ఫొటో తీసి కంప్యూటరులోకి ఎక్కించాను. సులువే అనుకున్నాను. బొమ్మను పది రెట్లు పెంచితే గాడి కూడా పది రెట్లు పెరిగింది. నాలుగు మిల్లీమీటర్ల రేకు కోసం మూడు వేళ్ళ వెడల్పు గాడి. గుమ్మంలో అగ్గిపుల్ల నిలబెట్టినట్టుంది. గాడుల్ని మాత్రం నాలుగు మిల్లీమీటర్లకు తగ్గించి గీశాను. మంట తన వెడల్పు కూడా తినేసింది. ఆవు తాగినట్టు ఊగింది. ఇంకా సన్నగా గీశాను. ఈసారి ముక్క దిగనే దిగదు. అడుగున కరిగిన ఇనుము చిట్టెంగా అంటుకుంది, గాడి చివర గుండ్రంగా తిరిగిపోయింది.

బావ కుర్చీలోంచి లేవకుండానే దారి చూపాడు. "కర్రయితే కొంచెం సర్దుకుంటాదిరా, రేకు సర్దుకోదు. ముందు తుక్కు రేకు మీద పది గాడులు కొయ్యి, ఒక్కోటి ఎంట్రుకంత పెంచుకుంటా. ముక్క దేన్లో ఒప్పితే అదే నీ కొలత. గాడి సివర సిన్న సున్నా పెట్టు, మూల అడ్డు రాకుండా." చేసి చూస్తే అంతా ఆయన చెప్పినట్టే. సూది గుచ్చిన చేతికి కట్టు, ఇంకో చేతిలో ఆకురాయి. ఒక్కో గాడినీ అంచు వెంబడి బొటనవేలితో తడిమి, "ఇక్కడ" అనేవాడు. ఆవు పని నడిచిన మూడు నెలలూ ఆయన ఆసుపత్రికి వచ్చి మా షాపుకి వస్తున్నాడో, షాపు కోసమే ఆసుపత్రికి వస్తున్నాడో నాకు తెలిసేది కాదు. మా అక్క ఫోను చేసి, "మీ బావ పొద్దున్నే బస్సెక్కడానికి పేచీ పెట్టడం మానేసినాడురా" అంది.

చివరికి అసలు ఆవును కోసే సమయానికి కొత్త రేకు వచ్చింది. అది పాతదాని కన్నా ఒక పిసరు పలచన. "రేకు మారితే మళ్ళీ పది గాడులూ కోసి సూసుకో" అని బావ చెప్పాడు. నేను చూసుకోలేదు. ముందు కాళ్ళు రెండూ వదులుగా వచ్చాయి. స్కూలు వాళ్ళు ప్రారంభం తేదీ ముందుకు జరిపారు. రెండు కాళ్ళూ మళ్ళీ కోస్తానని బావతో అన్నాను. ఆయన బస్సెక్కాక కాళ్ళకు వెల్డింగు పెట్టి, గ్రైండరు పట్టి, రంగు వేసేశాను. డిజైన్ ఎవరిదని ప్రిన్సిపాల్ ఫోనులో అడిగితే "మాదేనండి" అన్నాను. ఆ 'మా'లో బావ కూడా ఉన్నాడని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కింద బిగించే పలక నా మెషిను మీద నేనే కోశాను. 'రూపకల్పన' అని నా పేరొక్కటే పెట్టాను. ఇంకో పేరు పట్టేంత చోటు దానిలో ఉంది.

ప్రారంభానికి బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా అక్కను తీసుకుని వచ్చాడు. నాకు శాలువా కప్పారు. చప్పట్లయ్యాక ఆయన మెల్లగా ఆవు దగ్గరికెళ్ళి, వంగి, ముందు కాలు గాడి మీద బొటనవేలు పెట్టాడు.

"అతుకేసీసినావా?"

"టైము లేదు బావా. పైకి కనబడదులే" అన్నాను.

ఆయన పలక చదివాడు. కూడబలుక్కుని చదివే మనిషి, చాలాసేపు పట్టింది. మా అక్క నా మొహంలోకి చూసి, కొంగుతో నోరు తుడుచుకుంది.

"నీ పేరే ఉండనీరా. అతుకేసింది నాది కాదు" అన్నాడు బావ.

ఆ తర్వాత ఆయన షాపుకి రాలేదు. ఆసుపత్రి నుంచి నేరుగా మా షాపు ఎదురుగా, రోడ్డుకు అవతల, బస్సు ఆగేచోట నిలబడేవాడు. టీ పంపిస్తే తాగి గ్లాసు పంపించేవాడు. నేను గేట్ల పనిలో పడ్డాను. అన్నీ నెమళ్ళే. చేతిలో ఉన్న గేటు అయ్యాక రోడ్డు దాటి వెళ్ళి మాట్లాడదామనుకునేవాణ్ణి. ఒక గేటు అయ్యేసరికి ఇంకో గేటు వచ్చేది. ఏడాది గడిచాక ఒక తెల్లవారుజామున మా అక్క దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

బావ కర్మకాండలయ్యాక తుక్కు రేకు మీద పది గాడులు కోశాను. ఒప్పిన కొలత పట్టుకుని మొత్తం ఆవును మళ్ళీ కోశాను, పొట్టి చెవి పొట్టిగానే ఉంచి. కవిటి తీసుకెళ్ళి మా అక్క పెరట్లో ముక్కలు దించి నిలబెట్టాను. ఎక్కడా అతుకు లేదు, ఎక్కడా కదల్లేదు. మా అక్క దాని చుట్టూ తిరిగి చూసింది.

"ఆయనుండగా తేలేకపోయినావు. ఇప్పుడు దీన్నేటి సేసుకోమంటావురా?" అంది. ఇప్పుడు దాని కొమ్ము నుంచి కొబ్బరిచెట్టు దాకా బట్టల తాడు కట్టుకుంది.

ఆ ఆవుకు పట్టింది ఇరవై రోజులు. అంతకు ముందు ఏడాది పొడుగునా, వారానికి మూడుసార్లు, ఆయన నా కళ్ళెదుట రోడ్డుకు అవతల నిలబడ్డాడు. ఆ ఏడాదంతా నాకు తీరిక దొరకలేదనే అనుకున్నాను.