అధ్యక్షుడి ఫోటోకి మల్లెదండ

పోయిన వారం మా అమ్మాయి ఆస్పత్రి డ్యూటీ నుంచి వస్తూ వస్తూ ఇక్కడ ఒమాన్‌లోని సలాలా పాత బజారులో ఒక మల్లెదండ కొనుక్కొచ్చింది. మనం మూరల్లెక్కన కొనుక్కునే దండ కాదది, సరిహద్దు అవతలి యెమెన్ వాళ్ళు కట్టే పద్ధతిలో బొండుమల్లెలు ఒత్తుగా గుచ్చిన లావుపాటి దండ. ఏటా మా అక్కని తలుచుకునే రోజది, ఆవిడ పోయిన తేదీ. అక్క అంటే నా తోడబుట్టినది కాదు, పాలకొల్లు పక్క ఊరి నుంచి నాతోపాటు నర్సు ఉద్యోగానికి ఏడెన్ వచ్చిన పెద్ద సిస్టరు. మా హాల్లో ముగ్గురం చీపుళ్ళు పట్టుకుని నిలబడ్డ పాత ఫోటో ఒకటి ఉంది. అందులో ఒక పక్క అక్క, ఇంకో పక్క నేను, మధ్యలో మా వార్డు హెడ్ నర్సు. అమ్మాయి అక్క మీద ప్రేమకొద్దీ స్టూలు వేసుకుని ఆ ఫోటోకి దండ వెయ్యబోయింది. నేను వంటింట్లోంచి వేసిన కేకకి కింది ఫ్లాట్ మలయాళీ ఆవిడ కూడా పరిగెత్తుకొచ్చింది.

“అయ్యో, నువ్వున్నావు కదా అందులో! సారీ మమ్మీ” అని అమ్మాయి నాలిక్కరుచుకుంది. నేను కేకేసింది నా గురించి కాదు, మధ్యలో ఉన్నావిడ గురించి. ఆవిడ ఉందో లేదో నాకు తెలియదు.

నా వయసు వాళ్ళలో గల్ఫు చూసినవాళ్ళకి కూడా ఈ సంగతి పెద్దగా గుర్తుండదు గానీ, మస్కట్, దుబాయ్ కాకుండా ఏడెన్ వెళ్ళిన నర్సులం కొందరం ఉన్నాం. అప్పట్లో యెమెన్లు రెండు. దక్షిణాన ఉన్నది ఎర్రజెండా దేశం, దాని రాజధాని ఏడెన్. అక్కడ రాజూ లేడు, షేకూ లేడు, అందరూ కామ్రేడ్లే. డాక్టరు కామ్రేడు, ఆయాలు కామ్రేడ్లు, సూది మందంటే గోల పెట్టే ముసలాయన కూడా కామ్రేడే. మమ్మల్ని కూడా రఫీకా అనే పిలిచేవారు, అంటే ఆడ కామ్రేడన్నమాట. ఆదివారం ప్రార్థన మానని మాకు మొదట్లో ఆ పిలుపు వింటే గుండెల్లో రాయి పడేది, తరవాత తరవాత సిస్టర్ అన్నంత మామూలైపోయింది.

జీవితం తిన్నగానే సాగేదని చెప్పాలి. సహకార దుకాణంలో ఒక వారం ఉల్లిపాయలుంటే బంగాళాదుంపలుండేవి కావు, అవి వచ్చిన వారం ఇవి మాయం. చేపల కోసం తెల్లారకుండానే బారులు తీరేవారు, మా అక్క ఆ బారులో నిలబడి అరబ్బీ రాకుండానే బేరమాడి వంజరం ముక్క తెచ్చి చింతపండు పులుసు పెట్టేది. మగవాళ్ళు నమిలే ఖాత్ అనే మత్తు ఆకు కూడా సెలవు రోజుల్లోనే నమలాలని చట్టం ఉండేది, మిగతా రోజుల్లో వాళ్ళ మొహాలు చూస్తే జాలేసేది. ఆడవాళ్ళు ఆఫీసుల్లో, కోర్టుల్లో, ఫ్యాక్టరీల్లో దర్జాగా పనిచేసేవారు. సాయంత్రాలు మా హెడ్ నర్సు ఆయాలని కూర్చోబెట్టి అక్షరాలు నేర్పేది. సెలవు రోజుల్లో అప్పుడప్పుడూ స్వచ్ఛంద శ్రమ అని చెప్పి డాక్టర్లతో సహా అందరి చేతా ఆస్పత్రి ఆవరణ ఊడిపించేవారు. స్వచ్ఛందమే గానీ రానివాళ్ళని ఎందుకు రాలేదని అడిగేవారు. మా ఫోటో అలాంటి రోజున తీసిందే.

ఇక వారం వారం భోజనాల హాల్లో రాజకీయ సమావేశం. మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పక్కవాళ్ళ చేతులు చూస్తూ, వాళ్ళు చప్పట్లు కొడితే మేమూ కొట్టేవాళ్ళం. హెడ్ నర్సు మా వెనక కూర్చుని నవ్వాపుకునేది. ఆవిడకి మాకంటే ఓ పదేళ్ళు ఎక్కువుంటాయి. చిన్నప్పుడు హిందీ సినిమాలు చూసి నేర్చిన హిందీ మాట్లాడేది, మా హిందీ కూడా అంతంతమాత్రమే కాబట్టి ముగ్గురికీ బాగా కుదిరింది. పార్టీ మనిషే, కానీ రాత్రి డ్యూటీలో నేను కునికితే నా రోగుల్ని కూడా తనే చూసుకునేది.

ఆ ఏడాది వాళ్ళ పెద్ద పండగకి ఆస్పత్రంతా రంగు కాగితాలు కట్టారు. ఆఫీసు ముందు నడవాలో అధ్యక్షుడి ఫోటో ఉండేది, దానికి ఇదిగో ఇలాంటి మల్లెదండే తెచ్చి వేశారు. వాళ్ళకి మల్లెదండంటే పెళ్ళి, గౌరవం, సంతోషం. డ్యూటీ దిగి అటుగా వస్తున్న అక్క అది చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

“ఓలమ్మో, బతికున్న మడిసి ఫొటోకి దండేసేరేటే! ఆయన పెళ్ళాం చూస్తే ఏవయిపోద్ది!” అంటూ నేను వారించేలోపే స్టూలెక్కి దండ తీసేసింది. తీసి ఊరుకుందా, అంత మంచి పువ్వులు వాడిపోతాయని ముక్కలు ముక్కలు తుంచి మా ప్రసూతి వార్డులో బాలింతలందరి జడల్లోనూ పెట్టి, మిగిలింది నాకో ముక్క, తనకో ముక్క ఉంచింది. మన ఆడవాళ్ళు తప్ప ప్రపంచంలో ఎవరూ చెయ్యని పని అది. గంట తిరక్కుండా ఆఫీసు గుమాస్తా వచ్చి, దేశాధ్యక్షుడి దండ బాలింతల తలల్లో చూసి తెల్లబోయాడు.

మర్నాడు సమావేశం పెట్టారు. ఈసారి మా గురించే అని తెలుస్తూనే ఉంది. ఇంటికి పంపేస్తారా, జైల్లో పెడతారా అన్నదే మా భయం. అక్కని నిలబెట్టి పార్టీ కార్యదర్శి ఏదో అడిగాడు, హెడ్ నర్సు తర్జుమా చేసింది.

“దండ సచ్చిపోయినోళ్ళకేత్తారండి మా దేశంలో. బాబుగారు సల్లగా ఉండాలనే తీసేనండి” అంది అక్క, వచ్చీరాని హిందీలో సగం, తెలుగులో సగం. అది విని హెడ్ నర్సు అరబ్బీలో చాలాసేపు మాట్లాడింది. అక్క అన్నవి రెండు ముక్కలైతే అంత పొడుగు తర్జుమా ఏమిటో మాకు తెలియలేదు. ఉన్నట్టుండి హాలంతా చప్పట్లు మోగాయి, అలవాటు ప్రకారం మేమూ కొట్టాం. తరవాత చెప్పింది ఆవిడ, ఈ పరదేశపు శ్రామికురాలు మన నాయకుడు కలకాలం వర్ధిల్లాలని తన ఆచారం పాటించిందనీ, ప్రజల పువ్వులు ప్రజలకే పంచిందనీ అన్నానని. ఆ రోజు నుంచి ఫోటోకి దండ లేదు, దాని కింద గాజు గ్లాసులో పువ్వులు పెట్టాలని ఆవిడే ఏర్పాటు చేసింది.

కొన్ని నెలలకే పార్టీలో వాళ్ళూ వాళ్ళూ కొట్టుకుని ఊరంతా తుపాకులు మోగాయి. ఎవరు ఎవరిని ఎందుకు చంపుతున్నారో మాకు తెలియదు, వచ్చినవాళ్ళకి కట్లు కట్టడమే మా పని. కాల్పులు ఆగేసరికి అధ్యక్షుడు దేశం వదిలి పారిపోయాడు. అదే స్టూలెక్కి ఆ ఫోటో దించారు. గోడ మీద అంతమేర రంగు వెలవకుండా ఉండిపోయింది, దాని మీదే ఇంకొకరి ఫోటో తగిలించారు.

మళ్ళీ సమావేశం. కొత్త కార్యదర్శి అక్కని వేలు పెట్టి చూపించాడు. ఆ ద్రోహి కలకాలం వర్ధిల్లాలని అందరి ముందూ అన్నది నువ్వే కదా అన్నాడని తరవాత ఆయాలు చెప్పారు మాకు. అక్క లేచింది. హెడ్ నర్సు ఆమె భుజం పట్టి కూర్చోబెట్టి, తను లేచి నిలబడింది. ఈసారి తక్కువ మాట్లాడింది. ఈ మనిషి అన్నది దండ చనిపోయినవాళ్ళకి వేస్తారన్న మాటే, మిగతాదంతా నేను చేర్చింది, ఆ మాటలు నావి అందట. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక మేము పక్కవాళ్ళ చేతులకేసి చూశాం. ఎవరి చేతులూ కదల్లేదు.

ఇద్దరు మనుషులు ఆవిడని తీసుకెళ్ళడానికి వార్డు దాకా వచ్చారు. ఆవిడ వాళ్ళని గుమ్మంలో ఆపి, మందుల బీరువా తాళాలు నా చేతిలో పెట్టి, ఏ మంచం మీది మనిషికి ఏ మందు మిగిలి ఉందో వరసగా చెప్పి, రోజూ డ్యూటీ అప్పగించినట్టే అప్పగించింది. చివర్లో అక్కతో హిందీలో “ఏడవకు, పిల్లలు లేస్తారు” అంది. తరవాత వాళ్ళ జీపులో వెళ్ళిపోయింది. మళ్ళీ కనిపించలేదు.

ఆ ఏడాది మా ఒప్పందాలు అయిపోయి ఇంటికొచ్చేశాం. ఇంకొన్నేళ్ళకి ఆ దేశమే లేకుండా పోయి ఉత్తరాన ఉన్న యెమెన్‌లో కలిసిపోయింది. నేను సలాలాలో ఉద్యోగం దొరికి వచ్చాక, ఆస్పత్రికొచ్చిన ప్రతి యెమెన్ మనిషినీ ఆవిడ పేరు చెప్పి అడిగేదాన్ని. అక్క తన ఊళ్ళో మంచాన పడి కూడా ఫోనులో నన్ను అడిగింది అదే, “ఆవిడ కబురేవన్నా తెలిసిందేటే?” అని. తెలిసిందని అబద్ధం చెప్పినా బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

అమ్మాయి దండ తెచ్చిన మర్నాడు నేనే పాత బజారులో అది అమ్మిన యెమెన్ ముసలాయన దగ్గరికి వెళ్ళాను. ఏడెన్లో పనిచేశానని చెబితే లేచి నిలబడి, రఫీకా అని నవ్వాడు. ఇప్పుడా మాట అంటే తన మనవలు నవ్వుతారట. ఆవిడ పేరు చెప్పాను. ఆస్పత్రి ఎరుగుదును గానీ ఆవిడని ఎరగనన్నాడు. ఆ దేశం మంచిదా చెడ్డదా అని మా అమ్మాయి అడుగుతుంది. చదువు చెప్పినవాళ్ళూ అక్కడే ఉన్నారు, చదువు చెప్పిన మనిషిని జీపెక్కించినవాళ్ళూ అక్కడే ఉన్నారు. ఇప్పుడు ఆ జెండా లేదు, ఆ సమావేశాలు లేవు, రఫీకా అని పిలిచే నోళ్ళు ఇలా బజారు మూలల్లో మిగిలాయి.

ఆ రోజు అమ్మాయి తెచ్చిన దండని అక్కలాగే తుంచాను. ఒక ముక్క అమ్మాయి జడలో, ఒకటి మలయాళీ ఆవిడకి, ఒకటి నా తెల్ల జుట్టులో. మిగిలిన పువ్వులు గాజు గ్లాసులో వేసి ఫోటో కింద పెట్టాను. అక్క ఏమీ అనుకోదు. ఆవిడ కబురు తెలిసేదాకా మా ఇంట్లో ఆ ఫోటోకి దండ పడదు.