పది అడుగుల కర్ర

"ఇక చాలు హార్లన్! ఆ రాయిని ఇప్పటికి మూడుసార్లు పొడిచావు. దానికి నోరుంటే నిన్ను బూతులు తిట్టేది."

"నాలుగోసారి పొడిస్తే నీకొచ్చిన నష్టమేమిటి మార్లిస్?"

"నష్టమా? నాకు అరవై ఎనిమిదేళ్ళు. ఈ సొరంగం దాటేలోగా నన్ను పూడ్చిపెట్టాల్సి వస్తుంది."

"పూడ్చేముందు ఆ గొయ్యి కూడా పొడిచి చూస్తాలే."

రోజర్ బొమ్మల కొట్టు వెనక గదిలో జరుగుతున్న తగువు ఇది. ముందు గదిలో కాఫీ పోసుకుంటూ నేను వింటున్నాను. వాళ్ళు తగువాడుకుంటున్న ఆ రాయి నిజానికి లేదు. సొరంగమూ లేదు. ఉన్నదల్లా ఒక బల్ల, గళ్ళ కాగితాలు, గుప్పెడు పాచికలు. రాయిని పుట్టించినవాణ్ణి నేనే, ఎందుకంటే ఆ ఆట నడిపేది నేను. ఎదురుగా ఏముందో నేను చెప్తాను, తమ పాత్రలు ఏం చేస్తాయో వాళ్ళు చెప్తారు, అంతే ఆట. కాఫీ కోసం లేచానని వాళ్ళతో చెప్పాను గానీ, అసలు సంగతి వేరు. ఆ సొరంగం చివర ఏముందో నాకే తెలీదు.

హార్లన్ టెష్ పొడిచి చూడనిదే ఏ పనీ చెయ్యడు. కుర్చీలో కూర్చోబోయే ముందు బొటనవేలితో పొడుస్తాడు. మార్లిస్ ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంపల క్యాస్‌రోల్ తెస్తే ఫోర్కుతో నాలుగు మూలలా పొడిచి, ఏ మూలా కుంగలేదని తేలాకే వడ్డించుకుంటాడు. తన పెళ్ళిలో కేకును పొడిచి చూశాకే "సరే, చేసుకుంటా" అన్నాడని ఊళ్ళో చెప్పుకుంటారు. ముప్ఫై చలికాలాలు మా సరస్సు మీద మంచుకి కన్నాలు పెట్టి చేపలు పట్టిన మనిషి. అడుగు తీసి అడుగు వేసే ముందు ఇనప గునపంతో మంచును పొడవడం అలవాటు. రెండు పికప్పు ట్రక్కులు మంచు విరిగి మునిగిపోవడం ఆయన కళ్ళారా చూశాడు. మొదటిది ఆయన బావమరిదిది. రెండోదీ బావమరిదిదే.

అలాంటివాడికి ఆటలో నేలరాళ్ళ కింద గొయ్యి ఉందేమో పొడిచి చూసే పది అడుగుల కర్ర దొరికితే ఇక చెప్పాలా? ఆయన పాత్ర పేరు స్టంప్, గడ్డం ఉన్న పొట్టి యోధుడు. తొమ్మిదేళ్ళుగా చావకుండా నెట్టుకొచ్చాడు. ఒక చేతిలో కాగడా, రెండో చేతిలో కర్ర. కత్తి కూడా ఉందంటారు. దాన్ని ఎవరూ చూడలేదు.

తొమ్మిదేళ్ళూ ఆట నడిపిన లోవెల్ ఈ చలి నా వల్ల కాదని అరిజోనా వెళ్ళిపోయాడు. ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోకపోతే నేను కూర్చున్నాను. నా చరిత్ర గొప్పగా ఏమీ లేదు. కాలేజీ మూడో సెమిస్టర్‌లో మానేశాను. చీజ్ ఫ్యాక్టరీలో పదకొండు రోజులు పనిచేశాను. దేన్నైనా మధ్యలో వదిలెయ్యడంలో నన్ను మించినవాడు ఈ జిల్లాలో లేడు. రోజర్‌కి ఆ సంగతి తెలుసు.

"ఏప్రిల్‌లో సరస్సు కరిగేదాకా చూస్తా ఎమెట్. అప్పటికీ ఆ బల్ల ఇలాగే చచ్చిపడి ఉంటే కార్డులాట వాళ్ళకి ఇచ్చేస్తా. వాళ్ళు ఏదో ఒకటి కొంటారు. మీరు నా కాఫీ తాగి పోతారు" అన్నాడు.

మొదటి శనివారం నలభై పేజీలు రాసుకొని వెళ్ళాను. ఒక రాజు, తమ్ముడి కుట్ర, మూడు తరాల పగ. రెండో పేజీ చదువుతుండగా మార్లిస్ చెయ్యెత్తింది. స్కూల్లో ముప్ఫై ఏళ్ళు వంట చేసిన మనిషి. ఆవిడ చెయ్యెత్తితే గద్దె మీద రాజైనా ఆగాల్సిందే.

"అబ్బాయ్, తలుపెక్కడ?"

"ఏ తలుపు?"

"నేలమాళిగ తలుపు. రాజుగారి గొడవ వాళ్ళావిడ చూసుకుంటుంది. మేం దిగాలి."

దిగారు. నేను గీసినవి మూడంటే మూడు గదులు, మూడూ కుడివైపు. వాళ్ళు ఎడమకి తిరిగారు. ఈ పాతకాలపు ఆటలో ఆట నడిపేవాడు కథ రాసుకురాకూడదు, గదులు గీసుకొని నోరు మూసుకోవాలి. కథ ఎటు పోవాలో ఆడేవాళ్ళ కాళ్ళు చూసుకుంటాయి. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

"ఎడమ పక్క ఏముంది?" అంది మార్లిస్.

నేను పెన్సిల్ నమిలాను. లేచి ఇంటికి పోదామనిపించింది.

హార్లన్ గొంతు సవరించుకున్నాడు. "ముందు పొడిచి చూస్తా. మొదటి రాయి గట్టిగా ఉందా?"

"ఉంది."

"రెండోది? మోత ఎలా వచ్చింది?"

"కొంచెం... బోలుగా."

"తడి ఉందా?"

"ఉంది."

"నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయి?"

"ముందు... ఒక మడుగు ఉంది."

"మడుగులో చేపలున్నాయా?"

"ఉన్నాయి. వాటికి కళ్ళు లేవు."

"నేను వెనకాల ఉంటా" అన్నాడు ఓర్విన్. మా నాలుగో మనిషి. పెట్రోలు బంకు నడుపుతాడు. మొదటి రోజు నుంచి అప్పటిదాకా ఆయన అన్న మాట ఇదొక్కటే.

ప్రతి వారం ఇదే వరస. నేను పెన్సిల్ నమలడం, ఆయన పొడవడం, మార్లిస్ తిట్టడం. పన్నెండో రాయికల్లా ఎలాగో ఒక గది పుట్టేది. ఆయన నన్ను ఆటపట్టిస్తున్నాడని నమ్మాను. రాత్రి పక్క మీద ఆయన్ని తిట్టుకునేవాణ్ణి. మార్చి వచ్చింది. సరస్సు అంచుల్లో నీళ్ళు కనిపించాయి. కార్డులాట వాళ్ళు వచ్చి మా బల్లకి కొలతలు కూడా తీసుకెళ్ళారు.

అప్పుడు నాకు రోషం వచ్చింది. ఒక వారమంతా కూర్చొని పదమూడు గదులు గీశాను. తలుపులు, వాసనలు, ఎలకలు, అన్నీ. మొదటి సొరంగంలో తొమ్మిదో రాయి కింద ఒక గొయ్యి, గోతిలో విషం పూసిన మేకులు. పదకొండు వారాలు పొడిచాడు, ఒక్క గొయ్యి దొరకలేదు పాపం. దొరకనీ. ఆ ముచ్చట తీరితే ఇక ఊరుకుంటాడు.

శనివారం మధ్యాహ్నం హార్లన్ కుర్చీని పొడిచి కూర్చున్నాడు. కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశాడు.

"ఏమోయ్, పెన్సిల్ చెక్కుచెదరలేదే ఇవాళ."

"సొరంగం ముందుంది. ఏం చేస్తారు?"

"నడుస్తా."

"పొడుస్తూనా?"

"నడుస్తానన్నానుగా. చివరిదాకా."

గీసుకొచ్చిన కాగితం మీద తొమ్మిదో రాయిని ఇంకోసారి చూసుకున్నాను. "హార్లన్ గారూ, కర్ర ఉంది కదా మీ దగ్గర?"

"భుజాన వేసుకున్నా. నడువు, నడువు."

తొమ్మిదో రాయి జారింది. పాచిక పన్నెండు దాటితే స్టంప్ బతుకుతాడు. ఇరవై ముఖాల పాచికను, నా కాగితాలు వాళ్ళకి కనబడకుండా నిలబెట్టుకున్న అట్టతెర వెనక్కి లాక్కున్నాను. అక్కడైతే ఏది పడినా పదిహేనని చెప్పొచ్చు. హార్లన్ ఆ తెరను వేలితో పొడిచి పడేశాడు.

"బల్ల మీద వెయ్యి అబ్బాయ్."

వేశాను. మూడు పడింది.

మార్లిస్ అరిచిన అరుపుకి కొట్టంతా పరుగెత్తుకొచ్చింది. కార్డులాట వాళ్ళు కార్డులు పట్టుకొనే మా చుట్టూ మూగారు. ఎవరు పోయారని ఒకడు, ఎలా పోయారని ఇంకొకడు. ఓర్విన్ కుర్చీలోంచి లేచి నిలబడి, "నేను ముందుకొస్తా" అన్నాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. కార్డులాట వాళ్ళలో ఇద్దరు తమకీ పాత్రలు కావాలన్నారు. రోజర్ లోపల్నుంచి రెండు కుర్చీలు తెచ్చి, "కాఫీకి మాత్రం ఇక నుంచి డబ్బులివ్వాలి" అని వెళ్ళిపోయాడు. బల్ల మాకే మిగిలిందని ఆ ముక్కతో తేలింది.

ఆట అయ్యాక బయట హార్లన్‌ని పికప్ దగ్గర పట్టుకున్నాను. మార్లిస్ కూడా ఉంది.

"ఎందుకు పొడవలేదు?"

"ఎందుకు పొడవాలి? ఇవాళ నీకు దారి తెలుసుగా."

అంటే నాకు దారి దొరికేదాకా పొడిచాడన్నమాట. పదకొండు వారాలు. ప్రతి రాయీ.

"లోవెల్‌కైతే ఏడాదిన్నర పొడిచా" అన్నాడు. "నువ్వు నయం."

మార్లిస్ వైపు తిరిగాను. "మీకూ తెలుసా? అయితే ఆ తిట్లన్నీ ఉత్తుత్తివేనా?"

"తెలుసు. తిట్లు మాత్రం నిజమైనవే" అంది.

"తొమ్మిదేళ్ళ పాత్ర కదండీ. బాధగా లేదా?"

"ఎందుకుండదు, బాగా ఉంది. మంచి గొయ్యి." బూటు మడమతో ముందున్న మంచు పలకను పొడిచి, గట్టిదే అని తేల్చుకొని, పికప్ ఎక్కాడు. ఇంజన్ స్టార్ట్ చేసి అద్దం దించాడు.

"ఎమెట్, నాదొక చిన్న కోరిక."

"చెప్పండి."

"స్టంప్ తమ్ముణ్ణి తయారు చేస్తున్నా. వాడికీ ఒక కర్ర కొన్నాను. వచ్చే శనివారం మాత్రం ఓ రెండు గదులు తక్కువ గీసుకొని రా."