పేరు చివరి గుంట

మాసిడోనియాలో మా ప్రిలెప్ ఊరి శ్మశానంలో రిస్తె తాత రాయి మీద పేరు చివర ఒక గుంట ఉంది. వాన పడితే రెండు రోజులు అందులో నీళ్లు నిలుస్తాయి. పిచ్చుకలు వచ్చి తాగి పోతాయి. ఆ గుంట తవ్వింది ఆయన మనవడు స్పాసె. నీళ్లు పోసి దుమ్ము అణిచింది నేను.

స్పాసె, నేను కోలె బాబాయి పాలరాతి కార్ఖానాలో ముప్పై మూడేళ్లుగా పని చేస్తున్నాం. నేను రాయిని నున్నగా రుద్దుతాను, వాడు అక్షరాలు చెక్కుతాడు. ఏడో తరగతితో బడి మానేశాడు, నాకంటే ఒక తరగతి ఎక్కువ. వాడికో పద్ధతుంది. సమాధి రాయి మీద ఇంటిపేరు చెక్కుతూ చివరి ముక్క మాత్రం వదిలేస్తాడు. ఇంటివాళ్లు వచ్చి ఎదురుగా నిలబడ్డాక, "చివర ఏం పెట్టమంటారు?" అని అడిగి అప్పుడు చెక్కుతాడు.

అలా అడక్కపోతే గొడవలే. మా దగ్గర ఇంటిపేరు మొదలు ఎవరూ ముట్టుకోలేదు గానీ, చివర మాత్రం ఏలడానికి వచ్చినవాడల్లా మార్చాడు. సెర్బుల కాలంలో స్పాసె వాళ్లు తాసిచ్. రెండో ప్రపంచ యుద్ధంలో బల్గేరియా వాళ్లు వచ్చి తాసెవ్ అన్నారు. వాళ్లు పోయాక మావాళ్లే తాసెస్కి అన్నారు. మనుషులు వాళ్లే, ఇల్లు అదే.

రిస్తె తాత బల్గేరియా వాళ్లు ఉండగా పోయాడు కాబట్టి రాయి మీద తాసెవ్ అనే ఉండేది. స్పాసెకి పనిలో చెయ్యి తిరిగాక వాళ్ల నాన్న పిలిచి, "ఆ ఎవ్ గీకెయ్. వచ్చేపోయేవాళ్లు చదువుతున్నారు" అన్నాడు. వాడు గీకాడు. వేలి మందం లోపలికి దిగిన చోట ఎస్కి చెక్కాడు. సొంతంగా వాడు చెక్కిన మొదటి రాయి అదే.

వాడి భార్య లెంకా ఆరేళ్ల కిందట ఇటలీ వెళ్లింది. ఒక ముసలావిడకి స్నానం చేయించి, తిండి పెట్టే పని. వెళ్లింది బల్గేరియా పాస్‌పోర్టు మీద. నేను బల్గేరియా జాతిదాన్నే అని కాగితం మీద సంతకం పెడితే వాళ్లు ఇస్తారు. ఆ దేశం యూరప్ యూనియన్‌లో ఉంది, మేం బయట ఉన్నాం. మా కార్ఖానాలో ఆ సంతకం పెట్టినవాళ్లు నలుగురు. పెట్టి చెప్పనివాళ్లు ఎందరో.

స్పాసె పెట్టలేదు. "యూనియన్ ఎలాగూ మనల్ని చేర్చుకుంటుంది. అప్పుడు నా పాస్‌పోర్టుతో నేనే వస్తా" అనేవాడు. గ్రీసు వాళ్ల పట్టు తీర్చడానికి మాసిడోనియా పేరు ముందు 'ఉత్తర' అని చేర్చిన రోజు ఫోన్లో, "ఇక అయిపోయినట్టే, కర్టెన్లు కొను" అన్నాడు. లెంకా కొంది. తర్వాత బల్గేరియా అడ్డం తిరిగింది. మీ భాష మాదే, మీ తాతలు మావాళ్లే, మీ రాజ్యాంగంలో మా పేరు రాస్తేనే లోపలికి అంది. కర్టెన్ల ప్యాకెట్ విప్పలేదని ఆమె తర్వాతెప్పుడో చెప్పింది.

కాఫీ వేళ కార్ఖానాలో రోజూ ఇదే మాట.

"రాసేస్తే పోయేదేముంది?" అనేవాడు కోలె బాబాయి. "ఒక్క లైను. రాయి మీదేం కాదుగా."

"జెండా మార్చమన్నారు, మార్చాం. పేరు మార్చమన్నారు, మార్చాం. రేపు మా అమ్మ ఏ భాషలో తిట్టిందో సర్టిఫికెట్ తెమ్మంటారు," అన్నాను నేను.

"మీ అమ్మ తిట్లు నేను విన్నాలే. వాటిని ఏ యూనియనూ చేర్చుకోదు."

"అసలు మనల్ని చేర్చుకుంటే వాళ్లకేం వస్తుంది బాబాయ్? మిరపకాయలా?"

"వాళ్ల ముసలాళ్లకి స్నానాలు చేయించేవాళ్లు."

స్పాసె తలెత్తకుండా, "వాళ్లని ముందే చేర్చుకున్నారుగా" అన్నాడు.

జనవరిలో ఆ ముసలావిడ చనిపోయింది. లెంకా ఫోన్ చేసింది. అదే ఊళ్లో ఇంకో ఇంటివాళ్లు భార్యాభర్తల్ని పనికి అడుగుతున్నారు. ఆమె వంట చూసుకోవాలి, అతను తోట చూసుకోవాలి, ఉండటానికి రెండు గదులిస్తారు. ఈస్టర్ దాకా ఆగుతామన్నారు.

"ఇంకో ఆరేళ్లు ఒక్కదాన్నే అంటే నావల్ల కాదు స్పాసె," అందట. "వస్తే రా. లేకపోతే రానని చెప్పు."

మధ్యాహ్నం అన్నాలప్పుడు వాడు ఇదంతా చెప్పి, ఉల్లిపాయ పొట్టు తీస్తూ, "సంతకం పెడతా" అన్నాడు.

రాజధాని స్కోప్యెలో కాగితాలు చూసిపెట్టే ఒకాయన ఉన్నాడు. తాత పేరు ఎవ్ అని ఉన్న పాతదేదైనా ఉందా అని అడిగాడు.

"రాయి ఉంది," అన్నాడు స్పాసె.

"అయితే ఫోటో తీసి తీసుకురండి. మంచిదే."

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఇద్దరం శ్మశానానికి వెళ్లాం. మూలల్లో ఇంకా మంచు ఉంది. స్పాసె రాయి అరగదీసే మిషన్ పెట్టి ఎస్కి గీకుతుంటే నేను బీరు సీసాతో నీళ్లు పోశాను.

"నా మొదటి రాయి రా ఇది," అన్నాడు.

"బాగానే చెక్కావులే."

"ఎక్కడ బాగు? స వంకర పోయింది."

తర్వాత ఎవ్ చెక్కాడు. కొత్త అక్షరాలు తెల్లగా మెరుస్తున్నాయి. కాఫీ మడ్డిలో మట్టి కలిపి పూశాడు, పాతవాటిలా కనపడాలని. ఫోటో నా ఫోన్లోనే తీశాం.

ఈస్టర్‌కి రెండు వారాల ముందు వాడు స్కోప్యెలోని బల్గేరియా ఆఫీసులో కాగితం ఇచ్చే తేదీ వచ్చింది. పైనంతా ఆ స్కోప్యె ఆయన తాసెవ్ అనే నింపి ఉంచాడు. కింద సంతకం ఒక్కటే స్పాసె పెట్టాలి. పెట్టాడు. కిటికీ అవతల కూర్చున్న అమ్మాయి చూసి, "పైన తాసెవ్, కింద తాసెస్కి. రెండూ ఒకటే ఉండాలి పెద్దాయనా" అంది. ఇంకో కాగితం ఇచ్చింది. మళ్లీ తాసెస్కి. మూడోది ఇచ్చింది.

"మూడోసారి మెల్లగా రాశాను రా," అని వాడు నాకు చెప్పాడు. "ఎవ్ దాకా వచ్చి ఆగాను. చూస్తే దాని వెనక స్కి ఉంది. ఎప్పుడు పెట్టానో తెలీదు."

తర్వాతి తేదీ జూలైలో ఇచ్చారు. రాయి ఫోటో ఎవరూ అడగలేదు.

ఈస్టర్ అయిన మూడో రోజు లెంకా ఫోన్ చేసింది. చేతులనిండా రాతి పొడి ఉందని వాడు స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు. నేను లేవబోతే ఉండమన్నట్టు చూశాడు.

"చెయ్యి అలా రాసేసింది లెంకా."

"చెయ్యి రాసిందా?"

"ఊఁ."

"తాత రాయి మీద మాత్రం చక్కగా చెక్కిందిగా."

"అది చెక్కడం."

"ఆ ఇంటికి నిన్న వేరేవాళ్లు వచ్చారు. రుమేనియా జంట" అంది.

"మంచివాళ్లేనా?" అన్నాడు స్పాసె. ఎందుకలా అడిగాడో నాకు తెలీదు.

"నేనింకో ముసలావిడ దగ్గర చేరుతున్నా. జూలైలో వెళ్తావా?"

"వెళ్తా."

జూన్‌లో చనిపోయినవాళ్లని తలుచుకునే శనివారం నాడు అందరం ఉడికించిన గోధుమలు, వైను పట్టుకుని శ్మశానానికి వెళ్లాం. స్పాసె వాళ్లక్క రత్కా కొవ్వొత్తి వెలిగించబోయి రాయి చూసింది.

"ఇదేంట్రా? తాత మళ్లీ ఎప్పుడు బల్గేరియా వాడయ్యాడు?"

"ఫిబ్రవరిలో."

నాకు నవ్వొచ్చింది. ఇంకెవరూ నవ్వలేదు.

"నాన్న బతికుంటే నీ చెయ్యి విరిచేవాడు."

"మొదట గీకమన్నది నాన్నే అక్కా."

"నీ భార్య కోసం ఏ కాగితం మీదైనా రాసుకో. ఈయన జోలికెందుకు? లేచి కాదనగలడా?" అని గోధుమల గిన్నె రాయి మీద పెట్టి, అక్కడ ఉండకుండా వెళ్లిపోయింది.

సోమవారం పని దిగాక వాడు మిషన్ తీసుకుని శ్మశానానికి వచ్చాడు. నేను నీళ్ల సీసా తెచ్చాను. ఎవ్ గీకేశాడు. ఉలి తీశాడు. అలాగే నిలబడ్డాడు.

"చివర ఏం పెట్టమంటావు?" అన్నాను. రోజూ వాడడిగే మాటే.

గుంటలో వేలు పెట్టి చూశాడు. సగం వేలు దిగింది. "ఇంకోసారి ఉలి పడితే చిట్లుతుంది," అన్నాడు. నిజమే, రాయి అక్కడ బాగా పలచబడింది. సామాను సర్దుకుని వచ్చేశాం. ఇప్పుడు ఆ రాయి మీద రిస్తె తాస్ అని ఉంటుంది. దాని పక్కన గుంట.

జూలైలో వాడి తేదీ వచ్చింది. స్కోప్యె బస్సు ఆరింటికి. నేను ఏడింటికి కార్ఖానాకి వచ్చేసరికి వాడి చొక్కా మేకుకి వేలాడుతోంది.

"బస్సు వెళ్లిపోయిందా?"

"వెళ్లింది."

"రానని లెంకాకి చెప్పావా?"

"లేదు."

"వస్తానని?"

"అదీ లేదు. నీళ్లు పట్టు."

లోపల టీవీలో యూనియన్ మీటింగు గురించి ఏదో వస్తోంది. మా సంగతి చలికాలం తర్వాత చూస్తారట. కోలె బాబాయి సౌండ్ పెంచలేదు. అంతలో ఒకావిడ నల్లబట్టల్లో వచ్చింది. మొగుడి రాయి చూసుకోవడానికి. స్పాసె చేతులు తుడుచుకుని లేచాడు.

"చివర ఏం పెట్టమంటారమ్మా?"

ఆమె చెప్పింది. వాడు చెక్కాడు. నేను నీళ్లు పోశాను.