కంచె మెట్టు

క్లూన్‌బెగ్ సరస్సు చుట్టూ ఉన్న నడకబాటలో కంచె దాటే చెక్కమెట్లు చేసినవాడు మలకీ. వాగు మీద వంతెన వేసినవాడు పక్కపొలం ఫింటన్. రోజూ పొద్దున్నే మలకీ తడిసిన టోపీ చంకలో పెట్టుకుని, బాట మొదట్లోని పెట్టెలోంచి సందర్శకుల పుస్తకం తీసి, వేలు పెట్టి వరుసవరుసా చదువుతాడు. అన్నీ వంతెన పొగడ్తలే. కళ్ళల్లో నిప్పులు పోసుకుంటాడు. ఫింటన్ ఎదురైతే పలకరింపుగా ఒక్క వేలెత్తుతాడు, అదీ కోటు జేబులోనే.

"కాలికింద కదలని మెట్టు ఎవరికి గుర్తుంటుందయ్యా?" అంది భార్య డింప్నా. ఆ మాట పట్టుకుని మంగళవారం మలకీ తనే వెళ్ళి పైమెట్టు మేకు వదులు చేసి వచ్చాడు. మర్నాడు పుస్తకంలో మెట్ల గురించి నిజంగానే రాశారు: "ఊగుతున్న కంచె మెట్టును వానలో నిలబడి బిగించిన ఫింటన్ చల్లగా ఉండాలి."