పాతది కాదట, కొత్తదట

కడుపులో క్యాన్సర్ వచ్చి, ఆపరేషన్‌లో నాకు సగానికి పైగా పొట్ట తీసేశాక, జహీరాబాద్‌లో మా ఇంటి ఓనరమ్మ నన్ను మేపే బాధ్యత తన మీద వేసుకుంది. మాది గోదావరి జిల్లా. ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఆమె మేడ మీద అద్దెకు దిగాం. ఆమెది న్యాల్‌కల్ దగ్గరి రైతు కుటుంబం. నేను ఒకేసారి కడుపునిండా తినలేనని తెలిసి, పొద్దస్తమానం ఏదో ఒక గిన్నె పట్టుకుని మెట్లెక్కేది.

అలా కొన్నేళ్లు బాగానే గడిచాయి. తర్వాత ఒక చలికాలంలో నాకు ఆయాసం మొదలైంది. సగం పొట్టతో బతికేవాడికి రక్తం తగ్గడం మామూలేనని ఐరన్ మాత్రలు మింగుతూ కూర్చున్నాను. ఒకరోజు ఓనరమ్మ గేటు దగ్గరే ఆపి, నా ముఖంలోకి చూసింది.

“సారూ, గిట్ల తెల్లగ పాలిపోయిన్రేంది? జర దవాఖానకు పోయి రాన్రి.”

“పాత జబ్బు తాలూకేనమ్మా.”

“పాతదో కొత్తదో మీకెట్ల ఎర్క? డాక్టరు మీరా, ఆయననా?”

మేడ మీంచి ఈ మాటలు విన్న నా భార్య మర్నాడే నన్ను హైదరాబాద్ బస్సెక్కించి, తనూ ఎక్కింది.

రక్తం ఎక్కడ పోతోందోనని పెద్దపేగులోకి కెమెరా పంపి చూస్తే చిన్న గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్షిస్తే అదీ క్యాన్సరేనని తేలింది.

“పొట్టలోదే పాకిందాండీ?” అని డాక్టర్ని అడిగింది నా భార్య.

“లేదమ్మా. దీనికీ దానికీ సంబంధం లేదు. ఇది పేగులోనే విడిగా పుట్టింది. ఒకసారి క్యాన్సర్ వచ్చినవాళ్లలో కొందరికి ఇలా మరోచోట వేరేది రావచ్చు. మొదట్లోనే దొరికింది, తీసేద్దాం.”

క్యాన్సర్ అని చెప్పించుకుని సంతోషించేవాడు ఉంటాడా? నేను సంతోషించాను. తిరుగు ప్రయాణంలో సంగారెడ్డిలో బస్సాగితే దిగి జామపండ్లు కూడా కొన్నాం.

సంగతంతా ఓనరమ్మకు చెప్పాం.

“అంటే పాత కిరాయిదారు ఖాళీ చేసి పోయిండు. ఈడు వేరేటోడు. అడగకుండనే సామాను దించిండు. గంతేనా?”

“అంతేనమ్మా.”

“మరి ఫికరెందుకు? సామాను సర్దుకోకముందే ఎల్లగొట్టున్రి!”

నా భార్య పగలబడి నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. అన్నాళ్లూ ఆ కన్నీళ్లు ఎక్కడ దాచుకుందో మరి.

ఆపరేషన్ బాగా జరిగింది. కీమో అవసరం లేదన్నారు. చూడ్డానికొచ్చిన ఓనరమ్మ, నర్సు చెంచాతో గంజి పట్టడం చూసి, “గిదేంది, పిట్టకు పోసినట్టు పోస్తున్నవ్?” అని గొడవ పెట్టుకుంది.

మరుసటి చలికాలం మమ్మల్ని తన చేనుకు తీసుకెళ్లింది. పచ్చి జొన్న కంకులు నిప్పుల మీద కాల్చి, నలిపి, వేడి వేడి ఊచబియ్యం నా చేతిలో పోసింది.

“సారూ, ఇంకోటి వస్తదంటరా?”

“రావచ్చు. అందుకే చూపించుకుంటూ ఉండమన్నారు.”

“ఉండున్రి. మెల్లగ నమలున్రి,” అంటూ ఆమె ఇంకో కంకి నిప్పుల మీద పెట్టింది.