మార్చుకున్న వాగ్దానం

మొన్న ఆదివారం ఆరాధనకు ఆలస్యమైపోతుంటే, నా బైబిలు ఎక్కడ పెట్టానో కనబడక, అలమరలో చేతికి తగిలిన బైబిలు సంచిలో వేసుకుని పరుగెత్తాను. అది మా మేనత్తది. ఆమె పోయిన తరువాత మా ఇంటికి వచ్చింది. పెద్దక్షరాల బైబిలు, పాత చీర అంచుతో ఆమె చేత్తో కుట్టిన తొడుగు, విప్పితే ఇప్పటికీ కొబ్బరినూనె వాసన. పాస్టరుగారు కీర్తనలు తియ్యమన్నారు, తీశాను. మధ్యలోంచి పోస్టుకార్డులో సగం ఉండే ఒక అట్టముక్క జారి నా ఒళ్లో పడింది. పైన నీలి కొండలు, కొండల మధ్య జలపాతం, కింద ఒక వాక్యం. దాన్ని చూడగానే నా చెవులు వేడెక్కాయి. ఎందుకంటే ఆ కార్డు నాది. నిజం చెప్పాలంటే ఒక పావుగంట నాది. దాన్ని వదిలించుకోవడానికి నేను ఆడిన బేరం నా జీవితంలో ఆడిన బేరాలన్నిటిలోకీ గొప్పది, సిగ్గుమాలినది కూడా.

నా పుట్టుక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఉప్పల్లో మా నాన్నది స్టీలు గిన్నెల దుకాణం. పక్కది మా బాబాయి గాజుల దుకాణం, దాని పక్కది పెదనాన్న బట్టల కొట్టు. మిగతా పిల్లలు అమ్మా నాన్నా అనడంతో మాటలు మొదలుపెడితే, నేను "చివరి మాట చెప్పు" అనడంతో మొదలుపెట్టానని మా ఇంట్లో ఎగతాళి. నా దగ్గర మూడు ఆయుధాలు ఉండేవి. కావలసిన వస్తువుకు వంక పెట్టడం మొదటిది. అక్కర్లేని వస్తువును మురిపెంగా నిమరడం రెండోది. ఈ రెండూ పారకపోతే లేచి వెళ్లిపోవడం మూడోది. మెట్టు దిగి మూడో అడుగు వేసేలోపు వెనక నుంచి "ఓ అక్కా, ఇటు రా" అని పిలుపు వచ్చి తీరుతుంది. అలా పిలవని దుకాణదారులను నేను ఇంతవరకు ఇద్దరినే చూశాను. సండే స్కూల్లో కూడా నాకు నచ్చిన కథ, ఆకలితో వచ్చిన అన్నకు చిక్కుడుకాయల కూర పెట్టి పెద్దరికం కొనుక్కున్న తమ్ముడిదే. టీచరమ్మ ఆ తమ్ముడిని కోప్పడుతూ చెబుతుంటే, నేను మనసులో చప్పట్లు కొట్టేదాన్ని.

మా ప్రార్థన మందిరం నాచారంలో, ఫ్యాక్టరీల వెనక వీధిలో, రేకుల కప్పు కింద ఉండేది. కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున ఆరాధన ముగిశాక అక్కడ వాగ్దానపు కార్డులు పంచేవారు. మా నాన్న ఇచ్చిన స్టీలు పళ్లెంలో కార్డులు బోర్లా పరిచి వరుసల మధ్య తిప్పుతారు. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. అందులో ఉన్న వాక్యం ఆ ఏడాదికి మనకు దేవుడిచ్చిన మాట. వద్దనడానికి లేదు, రెండోది తీయడానికి లేదు. బేరం ఎరగని పద్ధతి కనుక అది నాకు మొదటి నుంచీ కొంచెం అనుమానంగానే ఉండేది. ఆ సంవత్సరం నా కార్డు తిప్పి చూసుకుంటే, ప్రభువు కోసం కనిపెట్టుకొని ఉండమని ఉంది. నీరసం వచ్చింది. కనిపెట్టుకొని ఉండటమంటే ఏమిటో నాకు తెలియదా? మా నాన్న భోజనానికి వెళుతూ "దుకాణం కనిపెట్టుకోని ఉండు బిడ్డా" అనేవాడు. అంటే ఈగలు తోలుకుంటూ, ఎవరూ రాని మిట్టమధ్యాహ్నం స్టూలు మీద కూర్చోవడం. అప్పటికే ఏడేళ్లుగా అద్దె పోర్షన్లో, రెండు గదుల్లో కనిపెట్టుకునే ఉన్నాను. ఇంకా ఉండమంటే ఎలా?

బయట చాయ్ ఇస్తున్నచోట మేనత్త కళ్లజోడు మరచిపోయి వచ్చి, తన కార్డు నాకిచ్చి చదివి పెట్టమంది. ఆమెకు విశాలమైన స్థలం వచ్చింది. దేవుడు ఇరుకులోంచి బయటికి తెచ్చి విశాల స్థలంలో నిలబెడతాడన్న మాట. నా గుండె ఒక్క గంతు వేసింది. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా పొలాల్లో తెల్లరాళ్లు మొలుస్తున్న రోజులవి. మా ఆయన ఫ్యాక్టరీలో అందరి చేతుల్లోనూ ప్లాట్ల కాగితాలే. ఇంత సూటిగా స్థలం పేరు పెట్టి వచ్చిన వాక్యం, సొంత ఇల్లున్న మేనత్తకెందుకు? వెంటనే మొదటి ఆయుధం తీశాను.

"అత్తా, నీ కార్డు మీద గులాబి పువ్వు జూడు, రంగంతా పోయింది. నాదాని మీద కొండలు, జలపాతం, మస్తుగున్నది."

"మస్తుగుంటే నువ్వే ఉంచుకో బిడ్డా."

"నీకు కొండలంటే ఇష్టం గదా అని..."

"నాకా? మౌలాలి గుట్ట తప్ప నేనేం కొండ జూసిన్నే?"

మా మామ, అంటే మేనత్త భర్త, అవతల మగవాళ్లతో నిలబడి ఇదంతా వింటున్నాడు. మౌలాలిలో రైల్వే పని చేసి రిటైరైన మనిషి. పట్టాలకు ఇటువైపు నిలబడి అటువైపు వాళ్లతో మాట్లాడీ మాట్లాడీ ఆ గొంతు ఇంట్లో కూడా తగ్గేది కాదు. "ఇచ్చెయ్యవే!" అని అరిచాడు. "ఆ బేరాల పోరి దేవునికే వంక వెట్టింది, నిన్ను ఇడుస్తదా? నువ్వు ఇచ్చేదాక నా చాయ్ సల్లారుతది!" అందరూ నవ్వారు. మేనత్త నవ్వలేదు. నా ముఖంలోకి చూసి, "ఇల్లు గావాలె నీకు, గంతే గదా. సీదా అడిగితే ఇయ్యనా?" అంది. కార్డు నా చేతిలో పెట్టి నాది తీసుకుంది. గెలిచిన సంతోషంలో ఆ 'సీదా' అన్న మాట అప్పుడు గుచ్చుకోలేదు. తరువాత ప్రార్థన చేసుకుంటున్నప్పుడల్లా గుచ్చుకుంది. మా ఇంటి మీద ఒక వంక, మా ఆయన మీద ఒక వంక, చివరికి అసలు సంగతి. అదే వరుస. దేవుడి దగ్గర కూడా నేను ఏ రోజూ సీదాగా అడగలేదు.

నా విశాల స్థలం కథ త్వరగానే తేలిపోయింది. నారపల్లి అవతల ఒక ప్లాటు చూసి, దానికి వంకల మీద వంకలు పెడుతూ మూడుసార్లు లేచి వచ్చాను. మూడుసార్లూ పిలిచారు. నాలుగోసారికి వానలు మొదలయ్యాయి. వెళ్లి చూస్తే మా తెల్లరాళ్లు మోకాటిలోతు నీళ్లలో ఉన్నాయి, వాటి మీద కొంగలు కూర్చున్నాయి. అది కుంట. స్థలం మాత్రం విశాలంగానే ఉంది, కాదనలేను. మా ఆయన చాలాసేపు కొంగల వంక చూసి, "రిజిస్ట్రేషన్ గిట్ల ఈళ్ల పేరు మీదనే ఉన్నట్టుంది" అన్నాడు. ఆ వాక్యం కీర్తనల్లోది; శత్రువులకు దొరక్కుండా ఇరుకు గుహల్లో ప్రాణాలు దాచుకున్న మనిషి పాడుకున్న పాటను ప్లాట్ల కాగితంలా చదివినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఆ నవ్వు తీరకముందే మామ పడిపోయాడు. పొద్దున పళ్లు తోముకుంటూ పడ్డాడు. దవాఖానాలో రెండు వారాలున్నాక ప్రాణం నిలిచింది కానీ కుడిపక్క పోయింది, మాట పోయింది. మళ్లీ ఎప్పుడు మాట్లాడతాడని అడిగితే డాక్టరు, "చూద్దాం, కొంచెం ఓపిక పట్టాలి" అన్నాడు. ఆ మాట వినగానే నాకు కొండల కార్డు గుర్తొచ్చింది. కనిపెట్టుకొని ఉండమన్నది నన్ను. ఆ కార్డు నాది. వంకలు పెట్టి, పువ్వు రంగు పోయిందని చెప్పి, నా కష్టాన్ని మేనత్తకు అంటగట్టాను. ఇది మూఢనమ్మకమని తెలుసు. తెలిసినా నిద్ర పట్టలేదు. మరుసటి ఆదివారం గులాబి కార్డు పట్టుకుని షేర్ ఆటో ఎక్కి నాచారంలో మేనత్త ఇంటికి వెళ్లాను. ఆ రోజు జీవితంలో మొదటిసారి సీదాగా అడిగాను.

"అత్తా, నా కార్డు నాకియ్యి. నీది నువ్వు తీస్కో."

"ఎందుకే?"

"నాకు రావలసింది నీకు వచ్చింది."

మేనత్త మామ మూతి తుడుస్తూ, నా వైపు తిరగకుండానే అంది: "దేవుని మాట ఏమన్న రేషన్ కార్డా, ఎవరి పేరు మీదుంటే ఆళ్లకే నడవనీకి? నాకు గావలసిందే నాకు వచ్చింది. నీ చేతులకెళ్లి వచ్చింది, గంతే."

నేను ఏడ్చాను, బతిమాలాను, చివరికి అలవాటు కొద్దీ లేచి వెళ్లిపోబోయాను కూడా. ఆమె కార్డు ఇవ్వలేదు. అది అప్పటికే ఆమె బైబిల్లో ఉంది. బైబిలు మామ తలగడ పక్కన ఉంది.

ఆ తరువాత ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం ఆరాధన కాగానే వాళ్లింటికి వెళ్లేదాన్ని. పదడుగుల గది, మంచం, మంచం పక్కన మేనత్త. ఆమె ఏమీ చెయ్యకుండా ఆయన ముఖం వైపు చూస్తూ కూర్చునేది. నాకు మా దుకాణంలో స్టూలు గుర్తొచ్చేది. మామ ఎడమచేతి వేలు కదిలిస్తే ఆమె నీళ్లు తెచ్చేది. రెప్పలు వాలిస్తే కిటికీ మూసేది. ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగితే, "సూస్తుంటే దెలుస్తది" అంది. నాకు ఆయన దగ్గర తెలిసింది ఒక్కటే. నేను వెళ్లి కూర్చోగానే మామ నన్ను ఒక్క క్షణం చూసి, కళ్లు తలుపు వైపు తిప్పేవాడు. అక్కడే నిలిపేవాడు. నాకు అర్థమైపోయేది. కార్డు సంగతి ఆయనకు తెలుసు, ఆ రోజు అక్కడే ఉన్నాడు. పొమ్మంటున్నాడు. ఏ దుకాణదారుడి ముఖమైనా ఇట్టే చదివేసే నాకు ఈ మాత్రం తెలియదా? లేచేదాన్ని. మేనత్త "ఉండు బిడ్డా, అప్పుడే పోతవా?" అనేది. అది మర్యాద అనుకునేదాన్ని. ఆమె లేచి తలుపు వేసేది. లారీల దుమ్ము వస్తోందని అనుకునేదాన్ని. వేసిన తలుపు తీసుకుని వచ్చేసేదాన్ని.

తెలంగాణ వచ్చిన రోజు వీధంతా గులాల్ చల్లుకుంటుంటే మిఠాయి పట్టుకుని వెళ్లాను. ఎవరో మామ నుదుటికి కూడా గులాబి రంగు పూశారు. గొంతు ఉన్న రోజుల్లో అయితే ఆ వీధిని ఒక్కడే దద్దరిల్లించేవాడు. ఆ రోజూ నన్ను చూసి తలుపు వైపే చూశాడు. మిఠాయి అక్కడ పెట్టి పావుగంటలో వచ్చేశాను. ఆ చలికాలంలో ఆయన పోయాడు. చివరిదాకా ఒక్క మాటా తిరిగి రాలేదు.

మొన్న ఆదివారం ఒళ్లో పడిన కార్డును వెనక్కి తిప్పాను. నాలుగో తరగతితో ఆగిపోయిన మేనత్త చేతిరాత, రకరకాల రంగుల సిరాలతో, అంచుల దాకా ఉంది. ఎడమ ఏలు కదిలిస్తే నీళ్లు. రెప్పలు వాలిస్తే కిటికి. గొంతుల గురగుర అంటే పాట పాడాలె. కాలు ఇటు జరిపితే దేవునికి స్తోత్రం చెప్పుమంటుండు. కనిపెట్టడమంటే ఎదురు చూడటమని అనుకున్నాను, కాపలా కూర్చోవడమని అనుకున్నాను. బడిలో మాత్రం ఎవరికీ తెలియనిదాన్ని కనుక్కోవడమని చెప్పారు. ఆ మూడూ ఒకటేనని మేనత్త ఆ పదడుగుల గదిలో తేల్చేసింది. అన్నిటికన్నా కింద, మిగిలిన కొంచెం చోటులో ఇరికించి, ఇంకో మాట రాసి ఉంది: తలుపు దిక్కు సూస్తే తలుపు ఎయ్యాలె, బిడ్డను అప్పుడే పోనియ్యొద్దంటుండు.

ఈ సంగతి మేనత్త నాకు ఎందుకు చెప్పలేదా అని చాలాసేపు ఆలోచించాను. చెప్పింది. "ఉండు బిడ్డా" అన్న ప్రతిసారీ చెప్పింది. వెనక నుంచి పిలుపు వస్తుందని తెలిసే మెట్లు దిగే నేను, నిజంగా వచ్చిన రెండు పిలుపుల్నీ, ఆమె మాటనూ ఆయన చూపునూ, వినలేదు.

ఆరాధన అయిపోయింది. కుర్చీలు మడుస్తున్న అమ్మాయి, "ఆంటీ, పోతలేరా?" అని అడిగింది. "జరసేపు కూసుంటా తల్లీ" అన్నాను. ఆ అమ్మాయి నా ఒక్క కుర్చీ వదిలి మిగిలినవన్నీ మడిచింది. మెట్టు దిగినవాళ్లను వెనక్కి పిలవని దుకాణదారులను ఇద్దరినే చూశానన్నాను కదా. మూడోది కాలం.